పెద్దవాళ్లపై వేధింపులు: ఇళ్లకు వెళ్లి పనిచేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎవరివి?

హైదరాబాద్‌లో పెద్దవాళ్ల ఇళ్ల గడప తొక్కి పనిచేసేవాళ్లవి. హెల్ప్‌లైన్ ఫీల్డ్ సిబ్బంది, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రుల్లోని సోషల్ వర్కర్లు, పారా లీగల్ వాలంటీర్లు, స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే కానిస్టేబుళ్లు, ఇంటికి వెళ్లి చూసుకునే నర్సులు. శిక్షణ తరగతిలో చేతులెత్తి అడిగేవి ఎక్కువగా చట్టం ప్రశ్నలే. టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి అడిగేవి వేరే ఉంటాయి. ఆ రెండు రకాలకూ ఇక్కడ జవాబులు రాశాను. బాధితులు ఎక్కువగా ఆడవాళ్లే అనుకుంటూ రాసినట్టు అక్కడక్కడా అనిపించవచ్చు. మగవాళ్లు కూడా తక్కువేమీ కాదు, వాళ్లు నోరు విప్పడం మరీ ఆలస్యం.

వేధింపు అంటే కొట్టడమేనా?

కాదు. కొట్టడం కనిపిస్తుంది కాబట్టి దాన్నే లెక్కపెడతాం. తిండి ఆలస్యంగా పెట్టడం, మందులు కొనకపోవడం, కళ్లజోడు విరిగితే నెలల తరబడి బాగు చేయించకపోవడం, గదిలో పెట్టి బయట గడియ వేయడం, ఫోన్ లాక్కోవడం, మనవలతో మాట్లాడనివ్వకపోవడం, పింఛను డబ్బు తీసుకోవడం, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకోవడం, నిద్రమాత్రలు ఎక్కువ వేసి పడుకోబెట్టడం, శరీరాన్ని అసభ్యంగా తాకడం, "ఇంకా ఎన్నాళ్లు బతుకుతావు" అని రోజూ అనడం, ఇవన్నీ వేధింపులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకం వేధింపుకు గురవుతున్నారు. వృద్ధాశ్రమాల వంటి చోట్ల ఇది ఇంకా ఎక్కువ.

చాలా ఇళ్లలో ఒక్కటే ఉండదు. డబ్బుతో మొదలై మాటల్లోకి, మాటల నుంచి తిండిలోకి పాకుతుంది. అందుకే "కొట్టారా?" అని అడిగి, లేదంటే కాగితం మడిచేయకండి.

ఇంటికి వెళ్లగానే కొడుకో కోడలో పక్కనే కూర్చుంటారు. పెద్దావిడతో ఒంటరిగా మాట్లాడేదెలా?

ఈ పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. మీరు అడిగే ప్రశ్నకు కొడుకు జవాబు చెబుతాడు, తల్లి అతని ముఖం వైపు చూసి తల ఊపుతుంది. ఆ చూపు గుర్తుపెట్టుకోండి, కానీ అక్కడే నిలదీయకండి. మీరు వెళ్లిపోయాక ఆ నిలదీతకు మూల్యం చెల్లించేది ఆమె.

వైద్య సిబ్బంది వెంట ఉంటే దారి సులువు. "బీపీ చూడాలి, ఒంటి మీద పుండ్లేమైనా ఉన్నాయేమో చూడాలి, కాసేపు బయట ఉండండి, అందరి ఇళ్లలోనూ ఇలాగే చేస్తాం" అని మామూలుగా చెప్పండి. నిజంగానే అన్ని ఇళ్లలోనూ అలాగే చేయండి, అప్పుడే ఆ మాట నిలబడుతుంది. ఇద్దరు వెళితే ఒకరు కొడుకుతో ఆధార్, రేషన్ కార్డు, మందుల చీటీల గురించి ముందు గదిలో మాట్లాడుతూ ఉండవచ్చు.

అపార్ట్‌మెంట్‌లో అయితే వేరే గది దొరుకుతుంది. బస్తీలో ఇల్లంతా ఒకే గది. అక్కడ ఇంటి బయటే చోటు వెతకాలి. బీపీ, షుగర్ మాత్రల కోసం పెద్దవాళ్లు బస్తీ దవాఖానాకు వస్తారు. ఆ డాక్టరు, నర్సు సహకరిస్తే అక్కడి పది నిమిషాలు ఇంట్లో గంట కన్నా విలువైనవి. గుడి, చర్చి, రేషన్ దుకాణం, పార్కులో పొద్దుటి నడక, ఎక్కడ ఆమె ఒంటరిగా తిరుగుతుందో ముందు తెలుసుకోండి.

ఒంటరిగా దొరికినప్పుడు "మిమ్మల్ని వేధిస్తున్నారా?" అని అడగకండి, లేదనే అంటారు. రోజు ఎలా గడుస్తుందో అడగండి. పొద్దున టీ ఎవరిస్తారు? రాత్రి అన్నం ఏ వేళకు? మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి? పింఛను వచ్చినప్పుడు డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? ఒంట్లో బాగాలేకపోతే ముందు ఎవరికి చెబుతారు? ఇంట్లో ఏ వేళ వచ్చేసరికి మీకు గుండె దడ వస్తుంది? చివరి ప్రశ్నకు చాలామంది కాసేపు మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి.

పాతబస్తీలో చాలామందికి తెలుగు రాదు. కోడలో మనవడో తర్జుమా చేస్తే సరిపోతుందా?

సరిపోదు. వేధించేది ఎవరో మనకింకా తెలియదు. వెంట ఉర్దూ వచ్చిన సహోద్యోగిని తీసుకెళ్లండి, కుదరకపోతే ఫోన్‌లో కలపండి. మార్వాడీ, తమిళ, మరాఠీ కుటుంబాలకూ ఇదే నియమం. వినికిడి తగ్గినవారి విషయంలో కూడా జాగ్రత్త. మీరు గట్టిగా అరిచి అడిగితే పక్క గదికి వినిపిస్తుంది. పెద్ద అక్షరాల్లో రాసి చూపించండి.

చేతుల మీద కమిలిన మచ్చలున్నాయి. "మెట్ల మీద పడ్డాను" అంటోంది. నమ్మాలా?

నమ్మడం, నమ్మకపోవడం రెండింటికీ తొందరపడకండి. వయసుతో చర్మం పలచబడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి మంచం కోడు తగిలినా నల్లగా కములుతుంది. ఎముకలు గుల్లబారినవారికి చిన్న తూలుకే తుంటి విరుగుతుంది. కాబట్టి మచ్చ చూడగానే కొడుకు మీద నేరం మోపడం అన్యాయం.

అయితే పడిపోయినప్పుడు దెబ్బలు ఎక్కువగా మోకాళ్లు, మోచేతులు, నుదురు, అరచేతుల మీద పడతాయి. భుజం లోపలి వైపు, చెవి వెనక, మెడ మీద, రెండు మణికట్ల చుట్టూ ఒకేలా మచ్చలుంటే ఆగి ఆలోచించాలి. ఆసుపత్రికి తీసుకురావడంలో రోజుల ఆలస్యం, ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పడం, ప్రతిసారీ కొత్త ఆసుపత్రికి మార్చడం కూడా గమనించాల్సినవే. మచ్చ రంగును బట్టి అది ఎన్ని రోజుల కిందటిదో తేల్చే ప్రయత్నం చేయకండి, అది అంత నమ్మదగిన లెక్క కాదు. డాక్టరు చూడాలి, అవసరమైతే మెడికో లీగల్ కేసుగా, అంటే ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా, నమోదు కావాలి.

"ఇలాంటి మచ్చలు పట్టుకుని గుంజినప్పుడు కూడా పడుతుంటాయమ్మా. మీకెప్పుడైనా చెప్పాలనిపిస్తే నేను వింటాను" అని ఊరుకోండి. ఆ రోజు చెప్పకపోవచ్చు. మాట మాత్రం గుర్తుంటుంది.

"కేసు వద్దు, వాణ్ణి ఏమీ అనొద్దు" అంటే ఏం చేయాలి?

అందరూ అడిగేది ఇదే. నాకు తెలిసినంతలో ఈ పనిలో అన్నిటికన్నా బరువైనది కూడా ఇదే.

"కేసు గీసు వద్దు బిడ్డా. వానికి ఇద్దరు పిల్లలున్నరు, నౌకరీ పోతది. జర బెదిరించి పో, సాలు" అంటుంది ఒక అవ్వ. "మా వాడు మంచోడేనండీ, ఆ తాగుడే చెడగొట్టింది" అంటారు కూకట్‌పల్లిలో ఒక పెద్దాయన. ఇద్దరికీ వేధింపు ఆగాలి, కొడుకు మాత్రం దూరం కాకూడదు. కొత్తగా వచ్చిన కార్యకర్తకు ఇది వింతగా, ఒక్కోసారి విసుగ్గా ఉంటుంది. కానీ వాళ్ల వైపు నుంచి చూడండి. చివరి రోజుల్లో నోట్లో నీళ్లు పోసేది వాడేనని, తలకొరివి పెట్టేది వాడేనని నమ్మి బతికిన మనిషి. పైగా కేసు పెట్టాక రాత్రికి పడుకోవాల్సింది ఆ ఇంట్లోనే. తన పెంపకాన్నే అందరూ వేలెత్తి చూపిస్తారన్న సిగ్గు కూడా ఉంటుంది. ఇందులో ఏదీ అవివేకం కాదు.

వాళ్లు అడిగిన "బెదిరించి పో" మాత్రం చేయకండి. మీ బెదిరింపు పది నిమిషాలుంటుంది, దాని కోపం వారాల తరబడి ఆ ముసలి ప్రాణం మీద తీరుతుంది. ఆ సంగతి వాళ్లకే చెప్పండి: "మేం పోయినంక కోపం నీ మీదనే తీస్తడు పెద్దమ్మా. వేరే తొవ్వ చూద్దాం."

ఆ వేరే తొవ్వ కేసు కన్నా చిన్నది. పింఛను వచ్చే బ్యాంకు ఖాతాకు కొడుకు ఫోన్ నంబరు అనుసంధానమై ఉంటే మార్పించడం. ఏటీఎం పిన్ మార్చడం. అసలు దస్తావేజులు ఎక్కడున్నాయో తెలుసుకుని ఒక జిరాక్సు నమ్మకమైన చోట ఉంచడం. ఊళ్లో ఉన్న కూతురికో, చెల్లెలికో వారానికి ఒకసారి ఫోన్ చేసే ఏర్పాటు. పక్కింటావిడకు ఒక గుర్తు: పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీ తెరవకపోతే వచ్చి తలుపు కొట్టమని. నాలుగు రోజుల మాత్రలు, ఆధార్, కొంచెం డబ్బు, ఒక జత బట్టలు ఒక సంచిలో. తాగి వచ్చే వేళకు ఎక్కడ కూర్చోవాలి, ఏ తలుపు తెరిచి ఉంచాలి. కొడుకు ఒప్పుకుంటే అతని తాగుడుకు చికిత్స.

వీటిలో ఒక్కటి కుదిరినా ఆమె పరిస్థితి నిన్నటి కన్నా మెరుగు. ఇంకో ముఖ్యమైన లాభం ఉంది. తన మాట విని, తను ఒద్దన్నది చేయకుండా, తను సరేనన్నది చేసి చూపించిన మనిషిని ఆమె మళ్లీ పిలుస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో పరిస్థితి ముదిరినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు తెలిసి ఉండాలి. "కేసు పెట్టనంటే మేమేం చేయలేం" అని లేచి వచ్చేసిన సంస్థకు ఎవరూ రెండోసారి ఫోన్ చేయరు.

మరి ఆమె వద్దన్నా మనం ముందుకు వెళ్లాల్సిన సందర్భాలు లేవా?

ఉన్నాయి. ప్రాణాపాయం కనిపిస్తుంటే, గదిలో బంధించి ఉంటే, తిండీ నీళ్లూ అందక నీరసించి ఉంటే, ఒళ్లు పుండ్లు పట్టి చీము కారుతుంటే, ఇంట్లో పసిపిల్లలకు కూడా ప్రమాదం ఉంటే, వెంటనే 108కో 112కో ఫోన్ చేయాలి. నిర్ణయం తీసుకునే స్థితిలో ఆమె లేకపోయినా అంతే. అలాంటప్పుడు కూడా చేసేది ఆమెకు చెప్పి చేయండి. "మీరు ఒద్దన్నారు, నాకు గుర్తుంది. కానీ ఇప్పుడు అంబులెన్సు పిలవకపోతే మీ ప్రాణం పోతుంది" అని. గోప్యంగా ఉంచుతానని మొదటి రోజే గుండె మీద చెయ్యేసి మాట ఇవ్వకండి. ఎప్పుడు ఉంచలేరో కూడా మొదటి రోజే చెప్పాలి.

మతిమరుపు ఉన్నవాళ్ల మాట ఎంతవరకు తీసుకోవాలి?

డిమెన్షియా ఉందనగానే ఆమె చెప్పినదంతా కొట్టిపారేయడం పెద్ద అన్యాయం. తేదీలు తప్పవచ్చు, పేర్లు మారవచ్చు, భయం మాత్రం మిగిలి ఉంటుంది. ఫలానా మనిషి గదిలోకి రాగానే ముడుచుకుపోవడం, స్నానం అనగానే వణకడం కూడా సాక్ష్యమే. మరోవైపు "నా నగలు దొంగిలించారు" అనే అనుమానం ఆ జబ్బు లక్షణం కూడా కావచ్చు. రెండూ నిజమయ్యే ఇళ్లూ ఉంటాయి, నగలు నిజంగానే పోయి ఉండవచ్చు. వెతికి చూడండి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా అయోమయంగా మాట్లాడుతుంటే అది మతిమరుపు జబ్బని తేల్చేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, మందుల మోతాదు ఎక్కువ కావడం వల్ల అలా జరుగుతుంది. చికిత్స అందితే తేరుకుంటారు. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా అడగాలి. నిర్ణయశక్తి అన్నీ లేదా ఏదీ లేదు అన్నట్టు ఉండదు. ఇల్లు అమ్మే విషయం అర్థం చేసుకోలేని పెద్దాయన, ఎవరి దగ్గర ఉండాలనుందో స్పష్టంగా చెప్పగలరు.

ఇల్లు కొడుకు పేర రాసేశారు. ఇప్పుడు బయటికి గెంటుతున్నాడు. వెనక్కి వస్తుందా?

వచ్చే అవకాశం ఉంది. తల్లిదండ్రులు, వయోధికుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో సెక్షన్ 23 ఇందుకే ఉంది. చట్టం అమల్లోకి వచ్చాక, తనను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవారు చూసుకోకపోతే, ఆ బదిలీని మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టుగా భావించి ట్రైబ్యునల్ (ఈ చట్టం కింద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) రద్దు చేయవచ్చు.

చిక్కంతా ఆ షరతు దగ్గరే. మన దగ్గర గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజుల్లో "ప్రేమాభిమానాలతో" అని రాస్తారు, చూసుకోవాలన్న మాట ఉండదు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం ఇది పెద్దవాళ్ల మేలు కోసం చేసిన చట్టమని, ఆ దృష్టితోనే చదవాలని చెప్పి దానపత్రం రద్దును నిలబెట్టింది. ఇంటి స్వాధీనం ఇప్పించే అధికారం కూడా ట్రైబ్యునల్‌కు ఉంటుందని చెప్పింది. ఆ కేసులో చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి దస్తావేజు ఒక్కటే చూసి నిరాశపడకండి. అదే రోజుల్లో రాసుకున్న వేరే కాగితం, వాట్సాప్ సందేశాలు, పెద్దమనుషుల ముందు అనుకున్న మాటలు, అన్నీ వెతికి పెట్టుకుని న్యాయసేవాధికార సంస్థ వకీలుకు చూపించండి.

ఇంకా రాయనివాళ్లకు ఒక్కటే చెప్పండి: రాయకుండా ఉండటం మేలు, వీలునామా చాలు. రాసే తీరాలంటే పోషణ షరతు దస్తావేజులోనే ఉండాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్ తొందరపెట్టినా సరే.

ట్రైబ్యునల్‌కు ఎలా వెళ్లాలి?

ఆర్డీవో స్థాయి అధికారి దాన్ని నడుపుతారు. హైదరాబాద్ జిల్లాలో హైదరాబాద్, సికింద్రాబాద్ అని రెండు రెవెన్యూ డివిజన్లున్నాయి. నగరం రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల్లోకి కూడా పరుచుకుంది కాబట్టి ఇల్లు ఏ జిల్లాలోకి వస్తుందో ముందు చూసుకోండి. ఎల్బీనగర్ వాళ్లను లక్డీకాపూల్ చుట్టూ తిప్పడం తగదు. పెద్దవాళ్లు ఉంటున్న చోటగానీ, ఇంతకు ముందు ఉన్న చోటగానీ, పిల్లలు ఉన్న చోటగానీ దరఖాస్తు వేయవచ్చు.

వకీలు పెట్టుకోవాల్సిన పనిలేదు. తెల్లకాగితం మీద రాసివ్వవచ్చు. ఆమె రాలేకపోతే ఆమె అధికారమిచ్చిన మనిషి లేదా సంస్థ వేయవచ్చు. ట్రైబ్యునల్ తనంతట తానుగా కూడా కేసు తీసుకోవచ్చు. నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలని, అసాధారణ పరిస్థితుల్లో ఇంకో 30 రోజులు పొడిగించవచ్చని చట్టం చెబుతోంది. పోషణ ఖర్చు చట్టంలో గరిష్ఠంగా నెలకు 10,000 రూపాయలు. నగరంలో మందులకే అది చాలని ఇళ్లున్నాయి, ఈ పరిమితి పెరగాలి. పిల్లలు లేనివాళ్లు కూడా తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద అడగవచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్ స్థాయిలో అప్పీలు.

ఉత్తర్వు వచ్చాక మీ పని అయిపోయిందనుకోవద్దు. మొదటి నెల ఇస్తారు, మూడో నెల ఆపేస్తారు. ఇవ్వకపోతే వారెంటు, జైలు దాకా వెళ్లే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది, కానీ మూడు నెలల్లోపే అడగాలి. ఆ తేదీ మీ డైరీలో ఉండాలి. ఎనభై ఏళ్ల మనిషికి అది గుర్తుండాలని ఆశించడం న్యాయం కాదు.

పోలీసులు "ఇంటి గొడవ, మాట్లాడుకోండి" అని పంపించేస్తున్నారు.

కొట్టడం, బంధించడం నేరాలు, కొడుకు చేసినా నేరాలే. పెద్దవారిని వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే 2007 చట్టం సెక్షన్ 24 కింద మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. అది పోలీసులు వారెంటు లేకుండా చర్య తీసుకోదగిన నేరం. వేరే స్టేషన్ పరిధి అన్నా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. 60 దాటినవారిని, ఏ వయసు ఆడవారినైనా విచారణకు సాక్షులుగా స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదని, వారుండే చోటికే వెళ్లాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 179వ సెక్షన్ చెబుతోంది. ఈ సెక్షన్ నంబరు జేబులో రాసి ఉంచుకోండి. గట్టిగా అరవడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

నా అనుభవంలో పెద్దవాళ్ల విషయంలో మనసు పెట్టే కానిస్టేబుల్ ప్రతి స్టేషన్‌లో ఒకరైనా ఉంటారు. గొడవ వచ్చినప్పుడు కాకుండా మామూలు రోజుల్లోనే వెళ్లి వాళ్లను పరిచయం చేసుకోండి.

అత్త కోడలి మీద చెబుతోంది, కోడలు అత్త మీద గృహహింస కేసు అంటోంది. ఎవరి వైపు నిలబడాలి?

ఆ క్షణంలో ఎవరికి ఎక్కువ ప్రమాదమో వారి వైపు. కొన్ని ఇళ్లలో ఇద్దరినీ వేధించేది మధ్యలో ఉన్న మగవాడే. అతను మీ ముందు ఎంతో మర్యాదగా కూర్చుంటాడు. కొన్ని ఇళ్లలో పాతికేళ్ల కిందట అత్త పెట్టిన బాధలకు ఇప్పుడు కోడలు బదులు తీర్చుకుంటుంది. ఆ చరిత్ర వినాలి, అర్థం చేసుకోవాలి. మంచాన పడ్డ మనిషికి అన్నం మానేయడానికి మాత్రం అది కారణం కాకూడదు.

చట్టం ఇద్దరినీ కాపాడుతుంది. గృహహింస చట్టం 2005 కింద తల్లి కూడా కొడుకు మీద వెళ్లవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని "వయోజన పురుషుడు" అన్న పరిమితిని కొట్టేశాక కోడలి మీద కూడా వెళ్లవచ్చు. అలాగే అత్తమామలు ట్రైబ్యునల్‌కు వెళ్లి కోడలిని ఇంటి నుంచి పంపించేయడం ద్వారా ఆమె నివాస హక్కును తుడిచేయకూడదని, రెండు చట్టాలనూ కలిపి చూడాలని 2020లో ఎస్. వనిత కేసులో తీర్పు వచ్చింది. పెద్దవాళ్ల పేరు అడ్డం పెట్టుకుని భార్యను వదిలించుకునే భర్తలు ఉంటారు. దరఖాస్తు ఎవరు రాయించారో తప్పకుండా కనుక్కోండి.

చూసుకునే కూతురే అలసిపోయి అరుస్తోంది, ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. ఆమెనూ నేరస్థురాలిగా చూడాలా?

దెబ్బ దెబ్బే, అది ఆగాలి. ఎలా ఆపాలన్నది మాత్రం ప్రతి ఇంటికీ ఒకేలా ఉండదు. రాత్రికి నాలుగుసార్లు లేచి, పగలు ఉద్యోగం చేసి, అన్నదమ్ములెవరూ పట్టించుకోని కూతురికి ముందు నిద్ర కావాలి. వారంలో ఒక పూట వేరే మనిషి, డైపర్లకు, మందులకు అన్నదమ్ముల వాటా, ఆ జబ్బులో అలా ఎందుకు ప్రవర్తిస్తారో చెప్పే డాక్టరు. ఇవి దొరికాక చాలా ఇళ్లలో అరుపులు తగ్గుతాయి. కానీ అలసట అనే మాట డబ్బు లాక్కునేవాడూ వాడతాడు, తాగి కొట్టేవాడూ వాడతాడు. సాయం ఇస్తామంటే తీసుకుంటారా, లేక మనిషి ఇంట్లోకి రావడమే ఇష్టపడరా అన్నది చూడండి. తేడా అక్కడే తెలిసిపోతుంది.

పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇంట్లో అటెండెంట్ మీద అనుమానం.

మన నగరంలో ఇది పెరుగుతోంది. పెద్దవాళ్లు చెప్పరు, ఎందుకంటే ఈ మనిషి మానేస్తే ఇంకెవరు వస్తారో అన్న భయం. పిల్లలకు చెబితే వాళ్లు కంగారు పడతారని ఇంకో భయం. వీడియో కాల్‌లో అటెండెంట్ ఎప్పుడూ ఫ్రేమ్‌లో ఉంటే గమనించాలి. బరువు తగ్గడం, వీపు కింద పుండ్లు, మందుల స్ట్రిప్పులు లెక్కకు మించి మిగలడం లేదా ముందే అయిపోవడం చూడాలి. పంపిన ఏజెన్సీ దగ్గర ఆ మనిషి గుర్తింపు కాగితాలు ఉన్నాయో లేదో అడగండి. పిల్లలతో మాట్లాడేటప్పుడు "మీరు వదిలేసి వెళ్లారు" అనే ధోరణి వద్దు. నిందిస్తే ఫోన్ ఎత్తడం మానేస్తారు. "వచ్చే ఆదివారం లోపు ఇక్కడ ఉన్న ఏ బంధువు వెళ్లి చూడగలరు?" అని అడగండి. డెబ్బై దాటినవారికి బ్యాంకులు ఇంటి దగ్గరకే సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. ఏటీఎం కార్డు అటెండెంట్ చేతికి ఇవ్వాల్సిన అవసరం దానితో చాలావరకు తీరుతుంది.

వృద్ధాశ్రమంలో చేరిస్తే అయిపోతుంది కదా?

కొందరికి అదే ప్రాణం నిలబెడుతుంది. కానీ దాన్ని మొదటి మందుగా రాయకండి. కట్టుకున్న ఇల్లు ఆమెది, కొట్టినవాడు అందులో ఉండి ఆమె బయటికి పోవడం ఏ న్యాయం? ఆమె కోరుకుంటేనే వెళ్లాలి. పంపేముందు మీరు వెళ్లి వంటగది, మరుగుదొడ్లు, రాత్రి డ్యూటీలో ఎందరు ఉంటారో చూడండి. అక్కడున్న ఒక పెద్దావిడతో విడిగా మాట్లాడండి. చేర్చిన నెలకు మళ్లీ వెళ్లండి. ఆశ్రమాల్లో కూడా వేధింపులు జరుగుతాయి.

కేస్ షీట్‌లో ఏం రాయాలి?

చూసింది, విన్నది. "కోడలు దుర్మార్గురాలు" అని రాయకండి. "గదిలో మంచినీళ్లు లేవు, మధ్యాహ్నం రెండింటికి పొద్దుటి టిఫిన్ పళ్లెం అలాగే ఉంది, రెండు మణికట్ల మీద మచ్చలు" అని రాయండి. ఆమె మాటలు ఆమె నోటి మాటల్లోనే, యాసతో సహా. తేదీ, సమయం, అక్కడ ఎవరున్నారు. ఫోటో తీస్తే అడిగి తీయండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ గ్రూపులో ఎవరి బంధువు ఉన్నాడో మనకు తెలియదు.

మనల్నే బెదిరిస్తే?

కొత్త ఇంటికి ఇద్దరు వెళ్లండి, ఎక్కడికి వెళుతున్నారో ఆఫీసుకు చెప్పి వెళ్లండి, తలుపు దగ్గర కూర్చోండి. తాగి ఉంటే, కుక్కను వదిలితే, తలుపు గడియ పెడితే లేచి వచ్చేయండి. అది పిరికితనం కాదు. కార్పొరేటర్ పేరో, పెద్ద అధికారి పేరో చెప్పి ఫోన్ చేయించినప్పుడు ఒంటరిగా జవాబు చెప్పకండి, మీ పైవారి పేరు చెప్పండి. పైవారు ఆ ఫోన్ ఎత్తాలి. ఫీల్డ్‌లోకి అమ్మాయిలను పంపి, గొడవ వచ్చినప్పుడు చేతులెత్తేసే సంస్థకు ఈ పని చేసే అర్హత లేదని నా గట్టి అభిప్రాయం.

ఇంటికి వెళ్లాక కూడా ఆ ముఖాలే కనిపిస్తున్నాయి. ఇది నా బలహీనతా?

కాదు. మీకూ ఇంట్లో ఒక అమ్మమ్మో నాన్నమ్మో ఉంటారు, లేదా ఉండేవారు. ఈ పని ఆ చోటే తాకుతుంది. పైగా మనం దగ్గరైన పెద్దవాళ్లు కొందరు కేసు తేలకముందే చనిపోతారు, ఆ బాధ చెప్పుకోవడానికి మనం వాళ్లకు బంధువులం కూడా కాదు. వారానికి ఒకసారి తోటివారితో కూర్చుని కేసుల గురించి కాకుండా మీ గురించి మాట్లాడుకునే వేళ పెట్టమని సంస్థను అడగండి. అది మీ హక్కు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

దగ్గర ఉంచుకోవాల్సిన నంబర్లు?

వయోధికుల జాతీయ హెల్ప్‌లైన్ ఎల్డర్ లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. ఇది మొదట మన హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించింది. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, మహిళలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100, ఆన్‌లైన్ మోసాలకు 1930. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు అన్నీ కాకుండా ఒక్కటి ఇవ్వండి. మందుల చీటీ వెనక రాసివ్వండి, అక్కడైతే ఇంట్లోవాళ్ల కంట పడదు.

కేసు ఎప్పుడు మూసేయాలి?

"రాజీ కుదిరింది" అని రాసిన రోజున మాత్రం మూయకండి. రాజీ తర్వాతి మొదటి నెలలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఫిర్యాదు చేసిందన్న కసి అప్పుడు పచ్చిగా ఉంటుంది. వారం, నెల, మూడు నెలలకు వెళ్లి చూడండి. ప్రతిసారీ ఆమెను ఒంటరిగా కలవాలి. ఇంట్లోవాళ్లు "అంతా బాగుంది, మీరు రానక్కర్లేదు" అంటే అది వాళ్ల మాట. డబ్బు ఆమె చేతికి వస్తోందా, మందులు అందుతున్నాయా, తను కోరినప్పుడు తను కోరిన మనిషితో మాట్లాడగలుగుతోందా అని అడగండి. మూడింటికీ ఔనని ఆమె నోటితో, రెండు వరుస సందర్శనల్లో చెప్పినప్పుడు, ఆమెకు చెప్పి మూయండి. మళ్లీ అవసరమైతే ఏ నంబరుకు ఎవరి పేరు చెప్పి ఫోన్ చేయాలో రాసిచ్చి రండి. మీరు ఉద్యోగం మారుతుంటే, మీ తర్వాత వచ్చేవారిని వెంటబెట్టుకుని ఒకసారి ఆ ఇంటికి వెళ్లి పరిచయం చేయండి.